పురుగూ పుట్రా: దాసరి మూట గట్టిండు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం కందిరీగల మీదే. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక ఫొటో చూశాక ఈసారికి వాటితోనే నింపేద్దామనిపించింది. పేలు, జెర్రులు, బియ్యంలో ముక్కుపురుగుల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మాది కల్వకుర్తి దగ్గర ఊరు. రెండెకరాల ఆముదం వేసినం. ఆకుల మీద దాసరి పురుగులున్నయి. కొన్నిటికి వెనకవైపు జొన్నగింజంత గోధుమరంగు గింజ అతుక్కొని ఉంది. ఆ పురుగు చావలేదు, తింటలేదు, పుల్లతో పొడిస్తే కొద్దిగా కదులుతుంది. మందుల షాపాయన "అది దాని గుడ్డు, పగిలిందంటే వందల పురుగులైతయి, రేపే కొట్టు" అన్నడు. కొట్టాలా?
- ఒక రైతు, కల్వకుర్తి

జవాబు: కొట్టకండి. ఫొటో అందిన సాయంత్రమే ఫోన్లో మీకు ఈ మాట చెప్పాను. పత్రిక వచ్చేదాకా ఆగితే ఈలోపు పంపు భుజానికెత్తుకుంటారేమోనని నా టెన్షన్. ఇక్కడ రాసేది మిగతా ఆముదం రైతుల కోసం.

ముందు షాపాయన మాట చూద్దాం. దాసరి పురుగు గుడ్లు పెట్టదు. గుడ్లు పెట్టేది దాని తల్లి, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు. ఆకు తింటున్న దాసరి ఇంకా పిల్ల. పిల్లకు పిల్లలెక్కడివి? మీరు చూసిన గింజ వేరేవాళ్లది. ఒక చిన్న నల్ల కందిరీగ పిల్ల అల్లుకున్న పట్టుగూడు అది.

ఈ కందిరీగ చీమంత ఉంటుంది. దాసరి పురుగు ఇంకా దారప్పోగులా ఉన్నప్పుడే వెతికి పట్టుకుని, తోక దగ్గరి సూదితో గుచ్చి లోపల ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డుతోపాటు ఒక రకం వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది. దాంతో దాసరి ఒంట్లోని రక్షణ కణాలు మొద్దుబారిపోయి ఆ గుడ్డును ఏమీ చేయలేవు. లోపల పుట్టిన పిల్ల దాసరి రక్తం తాగి పెరుగుతుంది, ప్రాణం నిలిపే భాగాల జోలికి మాత్రం పోదు. ఎదిగాక వెనకవైపు తోలు చీల్చుకుని బయటికొచ్చి, అక్కడే గూడు అల్లుకుంటుంది. దాసరి అప్పటికీ చావదు. తిండి మానేసి, గూటికి కాపలా కాస్తున్నట్టు నిలబడి, కొన్ని రోజులకు ఎండిపోతుంది. కందిరీగ గూటి మూత కొరుక్కుని బయటపడి ఇంకో దాసరిని వెతుక్కుంటూ పోతుంది.

దీని పేరు స్నెల్లీనియస్ మాక్యులిపెన్నిస్. రెండో మాటకు మచ్చల రెక్కలది అని అర్థం. పాత పుస్తకాల్లో మొదటి మాట మైక్రోప్లైటిస్ అని ఉంటుంది, కంగారు పడకండి, పురుగు అదే. పొలంలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ ఒక ఇరవై మొక్కలు చూడండి. మొక్కకు ఒకటి రెండు ఇలాంటి గింజ పురుగులు కనబడితే మందు కొట్టొద్దని రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ సలహా. మీరు పంపిన ఒక్క ఆకు ఫొటోలోనే మూడున్నాయి.

మా నాయన డిండి అవతల ఎర్ర చెల్కలో ఏటా ఆముదం వేసేవాడు. ఇలాంటి పురుగు కనబడితే "దాసరి మూట గట్టిండు, ఇగ పోతడు" అనేవాడు. భిక్షకు వచ్చిన దాసరి మూట సర్దుకుంటే ఊరు వదిలి పోతున్నట్టే కదా. పురుగు పోతుందని ఆయనకు తెలుసు. పంపించేది ఆ మూటేనని తెలియదు. ఎందుకైనా మంచిదని మూటలు ఏరించి చెప్పుతో నలిపించేవాడు. నలిపింది మేమే, నేనూ మా తమ్ముడూ. పదింటికి ఒక పైసా. తర్వాత ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పాను కానీ, ఆ పైసల లెక్క గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: రాత్రిపూట లైటు దగ్గరికి నారింజరంగులో సన్న నడుము, పొడుగు మీసాలున్న పురుగు వస్తుంది. పిల్లలు భయపడుతున్నారు. కుడుతుందా?
- ఒక గృహిణి, వనపర్తి

జవాబు: చేత్తో పట్టుకుంటే చురుక్కుమనిపించొచ్చు, దానంతట అది మీ మీదికి రాదు. ఇక్న్యుమన్ అనే పెద్ద కుటుంబంలోది. గొంగళి పురుగుల్లో గుడ్లు పెట్టే రకం. గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి, బయట వదిలేయండి. లైటు ఆర్పితే ఇంకా తేలిక.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ. మా పొలం గట్టు మీద పసుపు గిన్నెలో సబ్బునీళ్లు పోసి పెడితే ఒక్కరోజులో నలభై దాకా చిన్న చిన్న కందిరీగలు పడ్డాయి. ఫోన్లో ఫొటో తీసి వెతికితే ఒక్కటీ తేలలేదు. అంటే కొత్త జాతులేనా? కొత్తదైతే మా నానమ్మ పేరు పెట్టొచ్చా?
- ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ముందు శభాష్. పసుపు గిన్నె పెట్టాలని తోచిందంటే సగం దారి నడిచినట్టే.

ఫోన్ గుర్తుపట్టలేదంటే కొత్తదని కాదు, దాన్ని ఇంతవరకు ఎవరూ సరిగ్గా ఫొటో తీయలేదని. అలాగని కొత్తవి ఉండవనీ చెప్పలేను. పై జవాబులో చెప్పిన ఇక్న్యుమన్ కుటుంబం ఒక్కదానిలోనే ఇప్పటికి పేరు పెట్టిన జాతులు దాదాపు 25 వేలు, పేరు పెట్టాల్సినవి అంతకు ఎన్నో రెట్లు. మీ గిన్నెలో పడ్డవి దానికంటే చాలా చిన్నవి, వాటి సంగతి ఇంకా వెనకబడి ఉంది. చూసేవాళ్లు తక్కువ.

కొత్తదో కాదో ఎలా తేలుతుందో నా భంగపాటుతో చెబుతాను. 1994లో సెలవులకు ఊరికెళ్లి, ఆముదం ఆకుల మీది దాసరి గుడ్లు కొన్ని సీసాలో వేశాను. గుడ్లు నల్లబడ్డాయి, వాటిలోంచి ధూళి కణాల్లాంటి కందిరీగలు వచ్చాయి. అర మిల్లీమీటరు కూడా లేవు. ఇవి ఎవరికీ తెలియవని నా గట్టి నమ్మకం. డిండి పేరు మీద 'డిండియెన్సిస్' అని పేరు కూడా అనేసుకున్నాను. లాటిన్‌లో ఊరి పేరుకు ఎన్సిస్ చేరిస్తే ఆ ఊరిది అని అర్థం. కాలేజీ ల్యాబ్ అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో వేసి ఒక నిపుణుడికి పంపాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఫార్మలిన్‌లో బిగుసుకుపోయి మీసాలు విరిగాయి, పైగా అన్నీ ఆడవే, మగవి పంపండి అని.

మగవి ఎందుకో అప్పుడు నాకు తెలియదు. వేరే పురుగుల గుడ్లలో పెరిగే ఈ బదనికల పేరు ట్రైకోగ్రామా. ఒకప్పుడు వీటిని రంగును బట్టి, సైజును బట్టి వేరుచేసేవారు. ఆ రంగేమో ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. పెద్ద గుడ్డులో పెరిగితే పెద్దది, చిన్న గుడ్డులో పెరిగితే చిన్నది. అలాంటి గుర్తులతో ఎవరు ఎవరో ఏం తేలుతుంది? బెంగళూరులో పనిచేసిన సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ ఇద్దరూ కలిసి మగపురుగుల జననాంగాల ఆకారం ఒక్కో జాతికి ఒక్కోలా స్థిరంగా ఉంటుందని 1968లోనూ, మళ్లీ వివరంగా 1971లోనూ చూపించారు. ప్రపంచమంతా అప్పటి నుంచి ఆ దారే పట్టింది. మన దేశపు పుస్తకాల్లో ఆస్ట్రేలికమ్ అని రాసుకుంటూ వచ్చిన జాతి నిజానికి జపాన్‌లో ఇషీ 1941లో పేరు పెట్టిన కైలోనిస్ అని తేలింది కూడా ఆ తర్వాతే. ఇంకో చిక్కుంది. కొన్ని ట్రైకోగ్రామా గుంపుల్లో మగవే పుట్టవు, ఒంట్లో ఉండే ఒక బాక్టీరియా వల్ల. యాంటీబయాటిక్ పెడితే మగవి పుట్టాయని 1990లో కనుక్కున్నారు. కందిరీగకు యాంటీబయాటిక్! ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు.

మరుసటి ఏడాది ఆల్కహాల్‌లో వేసి మగవి పంపాను. అది ట్రైకోగ్రామా అకేయే అట. దాసరి పురుగు శాస్త్రీయ నామం అకేయా జనాటా. దాని గుడ్లలో దొరికినందుకు నాగరాజ, నాగర్‌కట్టి ఇద్దరూ 1970లోనే పెట్టిన పేరు. నేను కాలేజీలో చేరకముందే మా నాయన చెల్కలోని ధూళికి పేరుంది. రెండు రోజులు అన్నం సహించలేదు కానీ, ఆ తర్వాత సంతోషమే వేసింది. ఇప్పుడు అదే జాతిని స్పెయిన్‌లో టమాటా ఊజీ పురుగు మీదికి వదులుతున్నారు.

ఇక మీరు చేయాల్సింది. సబ్బునీళ్లలోంచి తీసి మంచినీళ్లతో కడిగి ఆల్కహాల్‌లో వేయండి. డీఎన్‌ఏ కూడా చూడాలనుకుంటే 95 శాతం ఉండాలి. సీసా లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి, ఊరు, తేదీ, ఏ పంట పక్కన, ఎవరు పట్టారు. పెన్ను వద్దు, ఆల్కహాల్‌లో సిరా కరిగిపోతుంది. చీటీ లేకపోతే ఎంత అపురూపమైన పురుగైనా ఎవరూ ముట్టుకోరు. మైక్రోస్కోప్ కింద ముందు కుటుంబం తేల్చుకోండి, మీసంలో ఎన్ని కణుపులు, రెక్కలో ఈనెలు ఎలా ఉన్నాయి. మీ నలభైలో పది కుటుంబాలుండొచ్చు. అక్కడి నుంచి ప్రజాతి, ఆ తర్వాత ఆ గుంపు మీద పనిచేసేవాళ్లకు పంపడం. గట్టు మీద ఎంతైనా పట్టుకోండి కానీ, అమ్రాబాద్ అడవిలోకి గిన్నెలు మోసుకెళ్లకండి, అటవీశాఖ అనుమతి కావాలి.

నిజంగా కొత్తదే అయితే దాని వర్ణన అచ్చుకావాలి. ఒక్క నమూనాను మూల నమూనాగా ఎంచి, ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ కీటకాల సేకరణలోనో, బెంగళూరు కీటక వనరుల బ్యూరోలోనో, జువలాజికల్ సర్వే దగ్గరో భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ ఒక్క పురుగునే చూస్తారు. నానమ్మ పేరు నిక్షేపంగా పెట్టొచ్చు. ఆడవాళ్ల పేరు చివర 'ఏ' చేరుతుంది. నానమ్మ పేరు ఎల్లమ్మ అనుకుంటే పురుగు పేరు 'ఎల్లమ్మే'. మన చెవికి భలే ఉంటుంది కదా, ఎవరిదీ పురుగు అంటే ఎల్లమ్మే. మీ పేరు మీరే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

పేర్ల విషయంలో ఆస్ట్రేలియాలో జిరాల్ట్ అని ఒకాయన ఉండేవాడు, మూడు వేలకు పైగా చిన్న కందిరీగలకు పేర్లు పెట్టాడు. కవిత్వపు పిచ్చి. తామర పురుగుల మీద బతికే ఒకదానికి గోథియానా షేక్‌స్పియరై అని ఇద్దరు కవులనూ కలిపి తగిలించాడు. తనకు గిట్టని ఒక శాస్త్రవేత్తను వెక్కిరించడానికి 1920లో లేని పురుగును కల్పించి, అంతా శూన్యమని వర్ణించి, ఆయన పేరును కాస్త వంకర తిప్పి పెట్టాడు. మీరు ఆ పని చేయకండి.

ప్రశ్న: పత్తిలో పిండినల్లిని తినే కందిరీగ పేరు మా శిక్షణ పుస్తకంలో ఎనాసియస్ బంబావలై అని, కొత్త కరపత్రంలో ఎనాసియస్ అరిజోనెన్సిస్ అని ఉంది. రైతులు అడిగితే ఏది చెప్పాలి? పేర్లు మార్చడం తప్ప వీళ్లకు వేరే పని లేదా?
- ఒక వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, నాగర్‌కర్నూల్

జవాబు: కోపం న్యాయమే, కానీ ఈ ఒక్క కేసులో మార్పు మనకే లాభం.

పిండినల్లి 2005 తర్వాత నాలుగైదేళ్లు పత్తి రైతుల్ని ఏడిపించింది, గుర్తుందా? వయ్యారిభామ మీద, తుత్తురబెండ మీద తెల్లగా పేరుకుపోయి, అక్కడి నుంచి పత్తికి ఎక్కేది. ఆ రోజుల్లో ఒక నల్ల కందిరీగ దానంతట అదే వచ్చి నల్లిని తగ్గించడం మొదలుపెట్టింది. ఎవరూ తెచ్చి వదల్లేదు. అలీగఢ్‌లోని మహమ్మద్ హయత్, ఈ గుంపు కందిరీగల్లో మన దేశపు పెద్దదిక్కు, 2009లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, సమగ్ర సస్యరక్షణ కేంద్రం డైరెక్టర్ బంబావలె గారి పేరు పెట్టారు. తర్వాత 2014లో పాత నమూనాలతో పోల్చి చూస్తే, పై జవాబులోని ఆ జిరాల్టే 1915లో అమెరికా నుంచి వర్ణించిన అరిజోనెన్సిస్, ఇదీ ఒకటేనని తేల్చారు. నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. హయత్ గారిని తప్పుపట్టడానికి లేదు, జిరాల్ట్ వర్ణనలు మరీ పొట్టి.

ఇప్పుడు లాభం చూడండి. పిండినల్లి కూడా అమెరికాదే, 1898లో న్యూ మెక్సికోలో చీమల పుట్టలో దొరికింది. కందిరీగది కూడా అదే ప్రాంతమని తెలిస్తే, దొంగ వెంట పోలీసు కూడా సముద్రం దాటి వచ్చాడని అర్థమవుతుంది. వేరే దేశంలో ఇదే నల్లి చెలరేగితే ఏ కందిరీగ కోసం ఎక్కడ వెతకాలో చప్పున చెప్పొచ్చు.

పేరు తప్పితే ఏమవుతుందో ఆఫ్రికాను అడగాలి. 1970లలో అక్కడ కర్రపెండలానికి పిండినల్లి పట్టి కోట్లమంది తిండికి ఎసరొచ్చింది. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో అలాంటి నల్లినే చూసి దాని కందిరీగల్ని తెచ్చారు, అవి ఆఫ్రికా నల్లిని ముట్టలేదు. చివరికి తేలిందేమంటే అది వేరే జాతి నల్లి. అసలుది 1981లో పరాగ్వేలో దొరికింది, దాంతోపాటే అనాగైరస్ లోపెజి అనే కందిరీగ. అది పనిచేసింది. ఆ పని నడిపిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. అదే నల్లి 2020లో కేరళకు వచ్చినప్పుడు మనం తడుముకోలేదు. లోపెజిని తెప్పించి 2022లో సేలం జిల్లాలో వదిలారు.

రైతులకు లాటిన్ పేరు అక్కర్లేదు. నల్లి పిండి రాలిపోయి ఎర్రమట్టి రంగు గట్టి గింజలా మారితే లోపల కందిరీగ ఉన్నట్టు, ఆ గింజకు గుండ్రటి రంధ్రం ఉంటే బయటికి వెళ్లిపోయినట్టు, అని చూపించండి. అలాంటి గింజలున్న కొమ్మను తుంచి నల్లి ఎక్కువున్న మొక్క మీద పెడితే చాలు.

ప్రశ్న: వరిలో మొగి పురుగుకు ట్రైకోకార్డులు కట్టినం, ఏం ఫాయిదా కనబడలే. మోసమేనా?
- ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: నాలుగు విషయాలు అడుగుతాను. కార్డు మీద జాతి పేరు ఏముంది? వరి మొగి పురుగుకు ట్రైకోగ్రామా జపానికమ్ కావాలి, కైలోనిస్ కార్డు కట్టి ఉంటే అది మీ పురుగుకు సరైనది కాదు. గుడ్లు నల్లగా ఉన్నాయా? బియ్యపు చిలుక గుడ్లను అట్టకు అంటించి, వాటిలో ట్రైకోగ్రామా గుడ్లు పెట్టించి అమ్ముతారు. అవి మూడు నాలుగు రోజులకు నల్లబడాలి, తెల్లగానే ఉంటే మీకు అమ్మింది వట్టి అట్టే. ఎప్పుడు కట్టారు? మధ్యాహ్నం ఎండలో కట్టినా, ఆకు పైవైపు కట్టినా లాభం లేదు. సాయంత్రం, ముక్కలుగా కత్తిరించి, ఆకు అడుగున, ఎకరాకు 20 వేల గుడ్ల లెక్కన వారం వారం కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ముందు వెనక వారం రోజుల్లో మందు కొట్టారా? కొట్టి ఉంటే మీరు డబ్బు పెట్టి కొన్నవాటిని మీరే చంపుకున్నారు.

ప్రశ్న: అమ్మా, మా ఇంటి దర్వాజకు కందిరీగ మట్టిగూడు కట్టింది. అందులో పురుగును పెట్టి చుట్టూ ఝుమ్మని తిరిగితే ఆ పురుగే కందిరీగ అవుతుందని మా పెద్దలు చెప్పేవారు. భ్రమర కీటక న్యాయం అంటారు కదా. మా మనవడు అదంతా అబద్ధమంటున్నాడు.
- ఒక పెద్దావిడ, నల్లగొండ

జవాబు: అక్కయ్యగారూ, మీ పెద్దలు చూసింది నిజం. పురుగును లోపల పెట్టడం చూశారు, కొన్నాళ్లకు కందిరీగ బయటికి రావడం చూశారు. మధ్యలో గోడ అడ్డం. లోపల జరిగేది ఏమిటంటే, తల్లి కందిరీగ పురుగును కుట్టి చచ్చుబడేలా చేసి, దాని దగ్గర తన గుడ్డు పెట్టి మూసేస్తుంది. పుట్టిన పిల్లకు ఆ పురుగు తాజా తిండి. న్యాయం చెప్పే భక్తి సంగతి వేరు, అందులో నేను వేలు పెట్టను.

మీ గూడు కుండలా గుండ్రంగా ఉంటే లోపల గొంగళి పురుగులుంటాయి. పొడుగు గొట్టాలు పక్కపక్కన ఉంటే సాలీళ్లుంటాయి, అది వేరే కందిరీగ. పానగల్ దారిలో మా ఇంటి కిటికీకి ఉన్న గూటిని ఒకసారి గాజుసీసాలో పెట్టి మూత బిగించాను. మూడు వారాలకు బయటికొచ్చింది కట్టిన కందిరీగ పిల్ల కాదు, నీలం ఆకుపచ్చ కలిసి నెమలి మెడలా మెరిసే ఇంకో కందిరీగ, పేరు స్టిల్బమ్. ఆ తల్లి లేనప్పుడు గూటికి కన్నం పెట్టి తన గుడ్డు పెట్టి పోయిన కోకిల బాపతు. మీ మనవడితో గూడు పగలగొట్టించకండి, సీసా ఇప్పించండి. న్యాయం ఎవరివైపో ఇద్దరూ కలిసి చూడొచ్చు.

ప్రశ్న: అన్నిటికంటే చిన్న కందిరీగ ఎంత ఉంటుంది?
- ఎనిమిదో తరగతి, సూర్యాపేట

జవాబు: 0.139 మిల్లీమీటరు. చెట్టు బెరడు మీద ఉండే పేనులాంటి పురుగుల గుడ్లలో పెరుగుతుంది, 1997లో అమెరికాలోని ఇల్లినాయిస్ నుంచి వర్ణించారు. పేరు డైకోపోమార్ఫా ఎక్మెప్టెరిగిస్, నోరు తిరగకపోతే నాకూ తిరగదు. ఆ కొలత మగదానిది. రెక్కల్లేవు, కళ్లు లేవు. మీ పాఠంలో ఉన్న పారమీషియం ఒకే ఒక్క కణం, అయినా దీనికంటే పెద్దది. నీ స్కేలు తీసి ఒక మిల్లీమీటరు గీతకూ ఇంకో గీతకూ మధ్య చూడు. అక్కడ ఏడు కందిరీగల్ని వరసగా నిలబెట్టొచ్చు.